ఆపు నొక్కిన టైము

ఉద్యోగం నుంచి దిగిపోయినవాళ్లు తాము గెలిచిన రోజుల గురించి రాస్తారు. నాకూ అలాంటి రోజులు రెండు మూడు ఉన్నాయి. వాటిని చెప్పుకోవడానికి నోరు రావడం లేదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు ఎవరైనా "మీ అనుభవం ఏదైనా చెప్పండి మేడమ్" అని అడిగితే నా మనసు తిన్నగా పోయి ఒకే చోట ఆగుతుంది. కోయిలకుంట్ల అవతల నల్లరేగడి చేల మధ్య ఒక కాలువ గేటు. మీరు అడిగారు కాబట్టి అదే చెప్తాను. విని సంతోషపడేది ఇందులో ఏమీ లేదు.

మాది కర్నూలులో చిన్న సంస్థ. మందుల షాపు పైన రెండు గదులు, ఏడుగురు మనుషులు. యజమాని ఒకప్పుడు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పినాయన, గట్టిగా మాట్లాడడం ఎరగని మనిషి. ప్రోగ్రాములు రాసేవాళ్లలో నేనే అందరికంటే పెద్దదాన్ని. ఆస్పత్రులకు, కాలేజీలకు చిన్న చిన్న పనులు చేసి పెట్టే మాకు ఒకసారి పెద్ద కాంట్రాక్టరు ఒకాయన తన పనిలో ఒక ముక్క ఇచ్చాడు. కాలువ గేట్లను ఆఫీసులో కూర్చునే ఎత్తి దించే ఏర్పాటు అది. గేటు దగ్గర మోటారు, కంట్రోలు పెట్టె, రేడియో లింకు వాళ్లు పెడతారు. ఆఫీసులో కంప్యూటరు తెర, దాని మీది బటన్లు మావి. అంటే నావి.

అమర్చడానికి వెళ్లినప్పుడు పది రోజులు అక్కడే ఉన్నాను. కాలువ గట్టున ఒక పాత సెక్షన్ ఆఫీసు, అక్కడికి నాలుగు కిలోమీటర్ల కింద గేటు. గేట్లు తిప్పే మనిషిని మా వైపు లస్కర్ అంటారు. ఆ గేటు లస్కర్‌కు యాభై దాటి ఉంటాయి. ఇరవై ఏళ్లుగా కాంట్రాక్టు మీదనే ఉన్నాడు. ఇనప హ్యాండిలు తిప్పి తిప్పి భుజాలు రెండూ దూలాల్లాగా ఉండేవి. కంప్యూటరు ముందు కూర్చునే ఆపరేటరు ఆయన సొంత చెల్లెలి కొడుకు. పాతికేళ్ల పైబడిన మనిషి, డిగ్రీ చదివాడు. తండ్రి లేడు. మేనమామే చదివించి, ఇంజినీర్ల చుట్టూ తిరిగి ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు.

లస్కర్ మొదటి రోజు తెరను చాలాసేపు చూసి అన్నాడు. "ఏమ్మా, ఇంగ నేను తిప్పే పని ల్యా? మా వాడు ఈడ కూర్చోని నొక్కితే ఆడ గేటు లేస్తాదా?"

"లేస్తుందన్నా. మీరు ఊరికే చూస్తూ ఉండడమే."

"చూసేదానికి దుడ్లు ఎవురిస్తారమ్మా?" అని నవ్వాడు. ఆ మధ్యాహ్నం ఇంటి నుంచి జొన్నరొట్టెలు, ఊరుమిండి పచ్చడి తెప్పించి నాకు పెట్టాడు. తింటుంటే పక్కన నిలబడి మేనల్లుడిని చూపించి, "వాడు శానా జాగ్రత్త మనిషమ్మా. ఏదైనా రెండుసార్లు చూసుకుంటాడు" అన్నాడు.

ఇప్పుడు పని సంగతి కొంచెం చెప్పాలి. ఇది తెలియకపోతే తర్వాత జరిగింది తెలియదు.

మేము వాడింది డెస్క్‌టాప్ ప్రోగ్రాములు రాసుకునే ఒక టూల్‌కిట్. బటన్లు, జాబితాలు అన్నీ అందులో తయారుగా ఉంటాయి. బటన్ నొక్కితే ఏం జరగాలో మనం రాసి దానికి తగిలించాలి. అలా తగిలించినదాన్ని లిజనర్ అంటారు. నొక్కిన ప్రతిసారీ ఒక ఈవెంట్ పుడుతుంది, లిజనర్ వింటుంది, చెప్పిన పని చేస్తుంది. అయితే తెర మీద జరిగేదంతా వినడానికి ఆ కిట్‌లో ఒక్కటే దారి ఉంటుంది. బస్టాండులో ఒక్కటే టికెట్ కౌంటరు ఉన్నట్టు. ముందు నిలబడినవాడి పని తెమిలేదాకా వెనకవాడు ఎంత ఆపదలో ఉన్నా ఆగాల్సిందే. అందుకే లిజనర్‌లో పొడుగు పని పెట్టకూడదు, దాన్ని పక్కకు పంపేసి కౌంటరు ఖాళీగా ఉంచాలి. ఇది మొదటి నెలలో నేర్పే పాఠం. నేనే ఎంతోమందికి నేర్పాను.

మరి నేను రాసింది ఏమిటంటే: 'ఎత్తు' నొక్కగానే గేటుకు ఆదేశం పంపు. పని అయిందని గేటు నుంచి జవాబు వచ్చేదాకా ఆగు. రాకపోతే మళ్లీ పంపు. జవాబు వచ్చాక రిజిస్టరులో టైము రాయి. ఇదంతా లిజనర్ లోపలే. గడువు దగ్గరపడింది, ముందు నడిచేట్టు రాద్దాం, తర్వాత సరిచేద్దాం అనుకున్నాను. కర్నూలు ఆఫీసులో రెండు బల్లల మధ్య తీగ వేసి పరీక్షిస్తే జవాబు రెప్పపాటులో వచ్చింది. రెప్పపాటులో వచ్చేదానికి ఆగితే ఏం పోయింది? తర్వాత సరిచేద్దాం అన్న మాట నేనే మరిచిపోయాను.

కాలువ మీద రేడియో లింకు తీగలాంటిది కాదు. ఎండ ముదిరినప్పుడు, గాలి లేచినప్పుడు పడిపోయేది. ఒక్కోసారి నిమిషం, ఒక్కోసారి పది నిమిషాలు. అప్పుడు నా ప్రోగ్రాం జవాబు కోసం ఎదురుచూస్తూ కొయ్యబారిపోయేది. తెర మీద ఏది నొక్కినా పలికేది కాదు. 'ఆపు' నొక్కినా పలికేది కాదు. 'ఎత్తు' పని ముగిసేదాకా 'ఆపు' క్యూలో వెనక నిలబడి ఉండేది. అన్నింటికన్నా ముందు వినాల్సిన బటన్ అది.

ఈ సంగతి మొదట కనిపెట్టింది ఆపరేటరే. కాలువకు నీళ్లు వదిలిన నెలకు, ఒకరోజు బస్సెక్కి కర్నూలు వచ్చాడు. ఫోన్‌లో చెబితే నాకు సరిగా అర్థం కావడం లేదని వచ్చాడట. చేతిలో రూళ్ల నోటు పుస్తకం. నొక్కిన టైము ఒక గడిలో, గేటు కదిలిన టైము ఇంకో గడిలో, రిజిస్టరు చూపించే టైము మూడో గడిలో రాసుకొచ్చాడు.

"మేడమ్, నేను నొక్కిన టైము అది రాసుకోవడం ల్యా. అయిపోయిన టైము రాస్తాండాది. ఇంగోటి, 'ఆపు' నొక్కితే ఆగదు. గేటు అంతా లేసినాక, అప్పుడు ఆపినట్టు రాస్తాది. ఇది సరిగా ఉండాదా?"

నాకు ఆ నిమిషంలోనే అంతా తెలిసిపోయింది. ఏ లైనులో ఉందో కూడా కళ్ల ముందు కనిపించింది. కానీ మర్నాడు పత్తికొండ వైపు ఇంకో పనికి ప్రోగ్రాం చూపించాల్సి ఉంది. అది నచ్చితే మా ఏడుగురికీ ఇంకో ఏడాది పని. పైగా, ఒప్పుకుంటే తప్పేమీ లేదు కానీ, పాతికేళ్లు పైబడి ఈ పని చేస్తున్న నేను మొదటి నెల పాఠంలో తప్పానని, టైపింగు పరీక్షతో వచ్చిన ఆపరేటరు రూళ్ల పుస్తకంలో గీతలు కొట్టి చూపించడం నాకు రుచించలేదు. ఇది ఇప్పుడు రాస్తున్నాను కానీ అప్పుడు నాకు నేను కూడా చెప్పుకోలేదు.

"లింకు వల్ల అప్పా, అంతే. లింకు వచ్చాక అన్నీ సర్దుకుంటాయి. ఒక్కసారి నొక్కి ఆగండి, గాభరా పడి అన్నీ నొక్కొద్దు. కొత్త వెర్షను పంపిస్తాను."

"ఎంతసేపు ఆగాల మేడమ్?"

"కదిలేదాకా."

నేను ఒక కాగితం తీసి పెద్ద అక్షరాలతో టైపు చేసి ఇచ్చాను: 'ఒక్కసారి మాత్రమే నొక్కవలెను. గేటు కదిలేంతవరకు మరే బటన్ నొక్కరాదు.' తెర పక్కన అంటించుకోమన్నాను. టీ తెప్పించాను. తాగి, మర్యాదగా దండం పెట్టి, నాలుగు గంటల బస్సుకు పోయాడు.

కొత్త వెర్షను పంపలేదు. పత్తికొండ పని దొరికింది. దాంట్లో మునిగిపోయాను.

తర్వాత మూడు వారాలకు, కాలువ చివరి ఊళ్లకు నీళ్ల వంతు వచ్చింది. అక్కడ వరి పాలు పట్టే సమయం. రైతులు పొద్దున్నుంచే సెక్షన్ ఆఫీసు ముందు చేరారు. పదీ నలభై రెండుకు ఆపరేటరు 'ఎత్తు' నొక్కాడు. లింకు పడిపోయింది. తెర కొయ్యబారింది. మూడు నిమిషాలు ఆగాడు. రైతులు అరుస్తున్నారు. ఇక మేనమామ చేతనే తిప్పించడం నయమనుకుని, ముందు జాగ్రత్తగా పదీ నలభై అయిదుకు 'ఆపు' నొక్కాడు. నొక్కి, ఒక నిమిషం చూసి మామకు ఫోన్ చేశాడు.

"మామా, కంప్యూటరు చచ్చిపోయిండాది. 'ఆపు' నొక్కినా. ఏం భయం ల్యా. చేత్తో తిప్పు."

గేటు దగ్గరి పెట్టెలో మోటారు కరెంటు కట్టేసే స్విచ్చి ఒకటి ఉంది. చేత్తో తిప్పేముందు అది కట్టేయాలి. 'ఆపు' నొక్కినా అని మేనల్లుడు చెప్పాడు కాబట్టి లస్కర్ అది కట్టేయలేదు. హ్యాండిలు తగిలిస్తే తిరగలేదు. చూస్తే పళ్లచక్రాల మధ్య గాలికి కొట్టుకొచ్చిన తుమ్మకంప ఇరుక్కుని ఉంది. దాన్ని లాగడానికి కుడిచెయ్యి లోపల పెట్టాడు.

పదీ యాభై మూడుకు లింకు వచ్చింది.

పదకొండు నిమిషాల కిందటి 'ఎత్తు' అప్పుడు గేటుకు చేరింది. మోటారు తిరిగింది. గేటు చెప్పినంత ఎత్తు లేచి, పని అయిందని జవాబు పంపింది. నా ప్రోగ్రాం ఆ జవాబు అందుకుని, 'ఎత్తు: 10.53' అని రిజిస్టరులో రాసుకుంది. ఆ తర్వాత క్యూలో వెనక నిలబడి ఉన్న 'ఆపు'ను విని, 'ఆపు: 10.54' అని రాసుకుంది.

కర్నూలు పెద్దాసుపత్రిలో మణికట్టు పైదాకా తీసేశారు.

రెండో రోజు యజమాని, నేను సెక్షన్ ఆఫీసుకు వెళ్లాం. మెట్ల మీద ఆపరేటరు కూర్చుని ఉన్నాడు. మామను మోసుకుపోయిన చొక్కానే ఇంకా వేసుకుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"మేడమ్, నేను ముందే నొక్కినా. 'ఆపు' నొక్కినాకనే మామకు ఫోన్ చేసినా. ఈ ఆఫీసోళ్లు కాయితం తీసి పదీ యాభై మూడుకు 'ఎత్తు' నొక్కినావు అంటాండారు. మామను ఆడికి పంపి నేను గేటు లేపినా అంట. మీకు తెలుసు గదా మేడమ్? నేను మీ కాడికి వచ్చి చెప్పినా గదా?"

"చూస్తాను" అన్నాను. ఆ ఒక్క మాటే అన్నాను.

"నా పుస్తకంలో అన్నీ రాసుకోనుండా. కానీ ఆ పొద్దుటిది రాసుకోలేదు మేడమ్. పరిగెత్తినా."

తిరుగు ప్రయాణంలో కారులో యజమానికి మొత్తం చెప్పాను. లిజనర్, క్యూ, రిజిస్టరు టైము, మూడు వారాల కిందటి నోటు పుస్తకం. ఆయన పాఠాలు చెప్పిన మనిషి, అరనిమిషంలో అర్థమైంది. కర్నూలు పొలిమేరకు వచ్చాక అన్నాడు.

"అమ్మా, ఈ పని పోతే మనం ఏడుగురం రోడ్డు మీదికి వస్తాం. అబద్ధం చెప్పమని నేను చెప్పను. అడిగినదానికి మాత్రం జవాబు చెప్పు. అడగనిదానికి చెప్పొద్దు."

ఆయన మీదికి నెట్టేయాలని చాలాసార్లు ప్రయత్నించాను. కుదరలేదు. ఆయన నా నోరు మూయలేదు. మూసుకోవడానికి ఒక దారి చూపించాడు, అంతే. నేను దారి కోసమే చూస్తున్నాను.

మర్నాడు ఆఫీసులో కూర్చుని ప్రోగ్రాం సరిచేశాను. పొడుగు పనిని లిజనర్‌లోంచి తీసి పక్కకు పంపాను. 'ఆపు'కు వేరే దారి పెట్టాను. నొక్కిన టైమే రిజిస్టరులో పడేట్టు మార్చాను. ప్రతి ఈవెంట్‌తో పాటు అది పుట్టిన టైము ఎలాగూ వస్తుంది, వాడుకోవడమే నా వంతు. మధ్యాహ్నం భోజనం వేళకు అయిపోయింది. ఒక్క పూట పని. ఆ పూట మూడు వారాల ముందు నాకు దొరకలేదు.

విచారణ ఒక అతిథి గృహంలో జరిగింది. ముగ్గురు అధికారులు, పొడుగాటి బల్ల. ఒక పక్క లస్కర్, కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని. ఇంకో పక్క ఆపరేటరు. నేను అంటించుకోమని ఇచ్చిన కాగితం బల్ల మీద ఉంది. గోడ మీంచి తీసుకొచ్చారు. 'మరే బటన్ నొక్కరాదని హెచ్చరిక ఉన్నా పాటించలేదు' అని అప్పటికే ఒకరు రాసుకున్నారు. రిజిస్టరు ప్రింటు కూడా ఉంది. ఫోన్ కంపెనీ ఇచ్చిన కాల్ టైము పక్కన ఉంది: పదీ నలభై ఆరు.

పెద్ద అధికారి ఆపరేటరును అడిగాడు. "పదీ నలభై ఆరుకు మీ మామను గేటు మీదికి పంపినావు. ఏడు నిమిషాలకు 'ఎత్తు' నొక్కినావు. ఇంకో నిమిషానికి 'ఆపు' నొక్కినావు. అంతేనా?"

"కాదు సార్. ముందే నొక్కినా. రెండూ ముందే నొక్కినా. అది ఆలస్యంగా రాసుకుంటాది సార్."

"నీ పుస్తకంలో ఆ రోజుది లేనే లేదు. యంత్రం ఆలస్యంగా రాసుకుంటుందా?"

అప్పుడు లస్కర్ నోరు విప్పాడు. గొంతు బలహీనంగా ఉంది. "సార్, ఆ యమ్మను అడగండి. ఆ యమ్మ రాసిందే అది. ఆ యమ్మ చెప్తాది."

అందరూ నా వైపు తిరిగారు. ఆపరేటరు నా వైపు చూసిన చూపులో భయం లేదు. ఊపిరి పీల్చుకున్నట్టున్నాడు. నేను వచ్చానుగా, ఇక అయిపోయిందనుకున్నాడు.

"ఈ టైములు సరైనవేనా?" అని అధికారి అడిగాడు.

"ప్రోగ్రాం రాసుకున్న టైములు అవే సార్."

"ఎవరూ నొక్కకుండా మీ ప్రోగ్రాం తనంతట తాను గేటును కదిలించగలదా?"

"లేదు సార్. ఎవరో ఒకరు నొక్కితేనే కదులుతుంది."

రెండింటిలో ఒక్క అబద్ధమూ లేదు. ఇప్పటికీ ఎవరు పరీక్షించినా రెండూ నిజాలే. ఇంకో ప్రశ్న అడుగుతారేమోనని కూర్చున్నాను. 'నొక్కినప్పుడే రాసుకుంటుందా?' అని అడిగితే చెప్పేసేదాన్నని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అడగలేదు. అధికారి కాగితం తిప్పాడు.

లస్కర్ నన్ను కాసేపు చూశాడు. తర్వాత మేనల్లుడి వైపు తిరిగాడు. ఆ మొహంలో కోపం కూడా లేదు. ముక్కూమొహం తెలియని మనిషిని చూసినట్టు చూశాడు. "నాకెందుకు చెప్పినావురా, 'ఆపు' నొక్కినా అని?" అన్నాడు.

"మామా, నొక్కినా మామా."

లస్కర్ మొహం తిప్పుకున్నాడు.

ఆపరేటరును తీసేశారు. లస్కర్ స్విచ్చి కట్టేయకపోవడం కూడా తప్పేనని రాశారు. కుడిచెయ్యి లేని లస్కర్‌ను కాంట్రాక్టులో మళ్లీ ఎవరు పెట్టుకుంటారు? మా సంస్థకు మాత్రం ఏమీ కాలేదు. కొత్త వెర్షను చాలా బాగా పని చేస్తోందని ఉత్తరం కూడా వచ్చింది. యజమాని దాన్ని నాకు చూపించలేదు. నేనే ఫైలులో చూశాను.

మాది తాతల కాలం నుంచి చర్చికి వెళ్లే కుటుంబం. ఆ ఏడాదంతా ఆదివారం ఆదివారం మోకాళ్ల మీద దేవుడికి చెప్పుకున్నాను. దేవుడికి చెప్పడం సులభం. ఆయన విచారణ కమిటీలో లేడు.

ఏడాదిన్నరకు నేను దిగిపోయాను. ఆ తర్వాత కొద్ది నెలలకు యజమాని ఆరోగ్యం చెడి సంస్థ మూసేశాడు. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది. పోగొట్టుకోవడానికి ఏమీ లేనప్పుడు వచ్చేదాన్ని ధైర్యం అనవచ్చునో లేదో మీరే అనుకోండి. జరిగిందంతా నాలుగు పేజీలు రాసి సంతకం పెట్టి, విచారణ చేసిన ఆఫీసుకు స్వయంగా పట్టుకెళ్లాను. పెద్ద అధికారి బదిలీ అయిపోయాడు. గుమాస్తా నా కాగితాలు పైనుంచి కిందికి చూసి, "ఇది ఎప్పుడో మూసేసిన ఫైలు మేడమ్. దీన్ని యాడ పెట్టాలో నాకు తెలీదు" అన్నాడు. బతిమాలితే ముద్ర వేసి తీసుకున్నాడు. ఇప్పటివరకు జవాబు లేదు.

అక్కడి నుంచి తిన్నగా బస్సెక్కి లస్కర్ ఊరికి పోయాను. మధ్యాహ్నం ఎండ. ఇంటి ముందు చప్టా మీద కూర్చుని ఎడమచేత్తో వేరుశనక్కాయలు వలుస్తున్నాడు. కాయను నేలకు అదిమి బొటనవేలితో చిదుపుతున్నాడు. భుజాలు సన్నబడ్డాయి. నన్ను గుర్తుపట్టి, "రామ్మా, కూర్చో. మా ఆడమనిషి కూలికి పోయిండాది" అన్నాడు.

కూర్చోకుండానే చెప్పాను. కౌంటరు, క్యూ అని మీకు చెప్పినట్టు కాదు. సూటిగా చెప్పాను. మీ మేనల్లుడు 'ఆపు' ముందే నొక్కాడన్నా. మీకు ఫోన్ చేయకముందే నొక్కాడు. నా ప్రోగ్రాం దాన్ని అప్పుడు వినలేదు. తర్వాత విని, అప్పుడే నొక్కినట్టు రాసుకుంది. తప్పు నాది.

వలవడం ఆపాడు. "ముందే నొక్కినాడా?"

"ముందే నొక్కాడు."

"నీకు ఎప్పుడు తెలిసిండాదమ్మా?"

"అప్పుడే తెలుసు. విచారణ రోజుకు ముందే తెలుసు. ప్రోగ్రాంలో తప్పుందని అతను కర్నూలు వచ్చి చెప్పినప్పుడే తెలుసు."

"మరి ఆ సార్లు అడిగినపుడు..."

"చెప్పలేదన్నా. భయపడ్డాను."

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండునని వచ్చాను. ఆయన ముందున్న కాయల కుప్పను చూస్తూ, తనతో తాను మాట్లాడుకున్నట్టు అన్నాడు. "చెయ్యి పోయినందుకు నేను ఎవురినీ ఏమీ అనలేదమ్మా. గేటు కాడ పని, పోతే పోతాది. వాడిని మాత్రం ఇంట్లోకి రానీలేదు. ఈడ, నువ్వు నిలబడిన తావునే నిలబడి ఏడ్చినాడు. మామా, నొక్కినా అని. నేను తలుపు తీయల్యా. నన్ను చంపేదానికి పెట్టి పైగా అబద్ధం చెప్తాండాడు అనుకొంటి. ఊరంతా అదే అనిరి. వాడు ఊరిడిసి పాయ."

"ఎక్కడికి?"

"ఎవురికి తెలుసు?"

లేచాడు. భుజం మీద తువ్వాలు వేసుకుని, నన్ను రమ్మని కూడా అనకుండా నడిచాడు. నేను వెనక పోయాను. నాలుగిళ్ల అవతల చెల్లెలి ఇల్లు. ఆమె గుమ్మంలో కూర్చుని చీరకు అంచు కుడుతోంది. అన్నను చూసి కుట్టు ఆపలేదు. వాళ్లిద్దరి మధ్య రెండేళ్లుగా మాటల్లేవని తర్వాత తెలిసింది.

ఆయన ముంగిట్లో నిలబడి అన్నాడు. "అమ్మీ, వాడు ముందే నొక్కినాడంట. 'ఆపు' ముందే నొక్కినాడంట. ఈ యమ్మ చెప్తాండాది. ఆ మిషను ఈ యమ్మదే."

ఆమె సూదిని గుడ్డలో గుచ్చి తలెత్తింది. నన్ను చూడలేదు. అన్ననే చూసింది.

"ఆ మాట వాడు ఆస్పత్రిలో నీ మంచం కాడ నిలబడి చెప్పినాడు గదన్నా. నీ కాళ్లు పట్టుకోని చెప్పినాడు. నీ చేతుల్లో పెరిగినోడు చెప్తే నమ్మకపోతివి. కాయితం చెప్తే నమ్మితివి. ఇప్పుడు ఈ యమ్మ చెప్తే నమ్మితివా?"



ఆయన, "నంబరు ఉందా?" అని అడిగాడు. ఆమె లేచి లోపలికి పోయి, క్యాలెండరు కాగితం వెనక రాసుకున్న నంబరు తెచ్చి ఇచ్చింది. "ఉగాదికి ముందు దీన్నుంచి ఒకసారి చేసినాడు. బాగుండా అన్యాడు. యాడుండేది చెప్పలేదు. మళ్లా నేను చేస్తే ఎత్తడు."

లస్కర్ ఫోను తీసి మోకాలి మీద పెట్టుకుని, కాగితం చూసుకుంటూ ఎడమ బొటనవేలితో ఒక్కొక్క అంకె నొక్కాడు. ఒకచోట తప్పు పడితే మొదటి నుంచి మళ్లీ నొక్కాడు. నేను నొక్కి ఇస్తానని చెయ్యి చాపితే ఇవ్వలేదు. శబ్దం పెద్దది చేసి ముగ్గురికీ వినబడేట్టు పట్టుకున్నాడు.

ఒక ఆడగొంతు వచ్చింది, కన్నడంలో, ఫోన్ కంపెనీ రికార్డు. ఏదో చెప్పి, మళ్లీ మొదటి నుంచి అదే చెప్పింది. ఆయన పెట్టేయలేదు. మూడోసారీ విన్నాడు.

మా ముగ్గురిలో ఎవరికీ కన్నడం రాదు. అయినా ఆమె ఏం చెబుతోందో ఎవరూ ఎవరినీ అడగలేదు.